తడిక అవతలి లెక్కలు

"పన్నెండుకు పద్దెనిమిది. సూక్ష్మరూపం చెప్పండి" అంటూ మునిరామయ్య బెత్తంతో నల్లబల్ల మీద కొట్టాడు. అయిదో తరగతి పిల్లలు పలకల మీదికి తలలు దించుకున్నారు. నలభై దాటిన బక్కపలచని మనిషి ఆయన. వెలిసిపోయిన కోటు, ఎండలో కూడా గొంతు దాకా పెట్టుకున్న గుండీలు. నిష్పత్తి అంటే ఏమిటో నాలుగు రోజులుగా చెబుతున్నాడు. నిర్వచనం అందరికీ కంఠతా వచ్చింది, లెక్క మాత్రం ఒక్కరికీ రాలేదు.

తడిక అవతల నాలుగో తరగతి గొల్లున నవ్వింది. అక్కడ పాఠం చెప్పేది ఆయన భార్య దేవకమ్మ. తన పిల్లల చెవులన్నీ అటే ఉన్నాయని ఆయనకు తెలుసు. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన ఆ ఏడాది, అలిపిరి దారిలోని ఆ బడికి ఆయనే పెద్ద. ఆమెకు లెక్కలు నేర్పి ట్రైనింగుకు పంపిందీ ఆయనే. అయినా దారిలో ఎదురైన తల్లులు ఆయనకు దండం పెట్టి, "అయ్యోరమ్మ బాగుండాదా?" అని ఆమెనే అడుగుతారు. విన్నప్పుడల్లా ముక్తసరిగా తలూపి అడుగు వేగం పెంచేవాడు.

అందుకే పోయిన నెల ఇన్‌స్పెక్టరు కాళహస్తి ఆడపిల్లల బడికి టీచరు కావాలన్నప్పుడు దేవకమ్మ పేరు చెప్పేశాడు. ఆమెను అడగలేదు. ఈ సాయంత్రం రైలుకే ఆమె ప్రయాణం.

మధ్యాహ్నం ఆమె తడిక పక్కకు వచ్చి నిలబడింది. "ఈ ఒక్క గంట అయిదో తరగతిని నాకిస్తారా? పిల్లోళ్లకు ఈ లెక్క చెప్పిపోతాను."

కాదనడానికి కారణం దొరకలేదు. వరండాలోకి వెళ్లి కూర్చున్నాడు. లోపల దేవకమ్మ పాఠం మొదలుపెట్టింది.

"పోలేరమ్మా, మీయమ్మ కొండెక్కేవాళ్లకు మజ్జిగ అమ్మతాది గదా. పెరుగెంత, నీళ్లెంత?"

"రెండు చెంబుల పెరుగుకి మూడు చెంబుల నీళ్లు, అయ్యోరమ్మా."

"జనం ఎక్కువైతే?"

"నాలుగుకి ఆరు."

"రుచి మారతాదా?"

"యాడ మారతాది? అదే మజ్జిగ!"

"అయితే నాలుగుకి ఆరన్నా, రెండుకి మూడన్నా ఒకటే. పక్కన అక్కమ్మ మూడు చెంబుల పెరుగుకి అయిదు నీళ్లు పోస్తాది. ఎవురి మజ్జిగ చిక్కన?"

పిల్లలు వాదులాడుకున్నారు. కాసేపటికి పోలేరమ్మే లేచింది. "నీళ్లు సమానం జేసి సూడాల. ఇద్దురికీ పదైదు నీళ్లయితే మాయమ్మది పది పెరుగు, ఆయమ్మది తొమ్మిది. మాదే చిక్కన!"

నాలుగు రోజులు తన ముందు మూగగా నిలబడిన పిల్ల అది. పాఠం బాగుందని మునిరామయ్యకు తెలుస్తూనే ఉంది. అదే భరించలేకపోయాడు.

సాయంత్రం స్టేషన్లో పెట్టె ఎక్కించాక దేవకమ్మ కిటికీ దగ్గర కూర్చుంది.

"ఇన్‌స్పెక్టరుకు నా పేరు చెప్పింది మీరేనంట గదా?"

"మంచి ఉద్యోగమని చెప్పినాను."

"నన్నడిగుంటే పోనని చెప్పుంటాను. అందుకేనా అడగలేదు?"

ఆయన జేబులోంచి టికెట్టు తీసి కిటికీలోంచి అందించాడు. ఆమె దాన్ని కొంగున ముడేసుకుంది. రైలు కదిలింది. అప్పుడు కూడా ఆయన చూపు ఆమె మీద లేదు. సాగనంపడానికొచ్చి, ప్లాట్‌ఫారం చివరిదాకా పరిగెత్తి ఆమెకు చేతులూపుతున్న అయిదో తరగతి పిల్లల మీద ఉంది.

తెల్లారి ఆకలేసి వంటింట్లోకి వెళ్లాడు. పొయ్యి పక్కన, ఎప్పటిలాగే ఇద్దరికీ సరిపడా ఆమె రుబ్బి పెట్టిపోయిన దోసెపిండి, రాత్రంతా పులిసి, మూతను పైకెత్తి గిన్నె అంచుల వెంట మెల్లగా కారుతోంది.