మిస్డ్ కాల్ మీద నడిచిన హాల్టు

గూడ్సుబండి పోతున్నప్పుడు చెప్పిన మాటలో సగం వినేవాడిది, సగం బండిది. పట్టాల వెంట సుత్తి భుజాన వేసుకుని తిరిగే గ్యాంగ్‌మన్ ఈశ్వర్ ఆ సంగతి మరిచిపోయాడు. మధ్యలో ఖనిజం పెట్టెలు దడదడలాడుతూ పోతుంటే అవతల నుంచి, ఇవతల చిన్న రైల్వే హాల్టు దగ్గరున్న ఊరివాళ్లకు కబురు అరిచాడు.

"బుధవారం పొద్దున్న బండిలో ఆఫీసరొస్తన్నాడు. మీ హాల్టు ఎత్తీసే లెక్క సూడ్డానికి."

ఇవతల వినబడింది, ప్లాట్‌ఫారం ఎత్తే లెక్క అని. బండి దాటేసరికి ఈశ్వర్ వంపు తిరిగిపోయాడు. కబురు మాత్రం ఊళ్లోకి వెళ్లిపోయింది.

పాఠకులారా, ఆ ఊరి ఆశను తప్పు పట్టకండి. బొబ్బిలికీ గజపతినగరానికీ మధ్య ఉన్న ఈ పోలినాయుడువలసలో ప్లాట్‌ఫారం అంటే కంకర పోసిన నేల. రైలుపెట్టె మొదటి మెట్టు మనిషి నడుము ఎత్తున ఉంటుంది. ముసలివాళ్లను కిందనుంచి ఒకరు ఎత్తాలి, పైనుంచి ఇద్దరు లాగాలి. ఇన్నేళ్లూ మనుషుల్ని ఎత్తినవాళ్లకు ఇక ప్లాట్‌ఫారమే లేస్తుందంటే ఎత్తుకెత్తు సంతోషం కాదూ?

ఆ సంతోషంలో కొంచెం చేదు కలిపింది అనూరాధ ఒక్కతే. విజయనగరంలో ఒక ల్యాబులో రక్తం తీసే పని ఆమెది. పరగడుపున వచ్చినవాళ్లు సూది కోసం కాదు, ఆమె కోసం ఎదురుచూస్తూ నీరసపడుతుంటారు. ఇంకొక్కసారి ఎనిమిదిన్నర దాటితే మరి రానక్కర్లేదని యజమాని కిందటి వారమే చెప్పేశాడు. ఊరికి బస్సు లేదు. ఆటో నిండి కదిలేసరికి తొమ్మిదవుతుంది. ఆమె ఉద్యోగానికి ఉన్నది ఈ హాల్టొకటే.

"ప్లాట్‌ఫారం ఎత్తితే బండెక్కడం సులువవుతాది గానీ, బండి రావాల గదా ముందు," అంది. అని ఊరుకోలేదు. బండిని వేళకు నడపండి మహాప్రభో అని అర్జీ రాసి, రోజూ ఎక్కే నలభైముగ్గురి చేత సంతకాలు పెట్టించింది.

ఆ బండి సంగతి చెప్పాలి. కాగితం మీద ఆరూ యాభైకి రావాలి. కాలపట్టికలో పట్టిక ఉంది గానీ కాలం లేదు. గూడ్సుకి గుడ్‌మార్నింగ్ చెప్పి దారిచ్చేదాకా ప్యాసింజరు పక్క లైనులో పడుకునేది. ఒకరోజు ఏడున్నర, ఒకరోజు ఎనిమిది, ఒక్కోరోజు అసలు రాదు. చెట్టు నీడా, రేకు కప్పూ లేని ఆ కంకర మీద నిలబడి నిలబడి, చివరికి జనం ఒక ఉపాయం కనిపెట్టారు. ముందు స్టేషన్లో రాంబాబుది టీ బడ్డీ. బండి అక్కడ కదలగానే అతను ఈ ఊళ్లో టికెట్లమ్మే గణపతిరావుకి ఒక మిస్డ్ కాల్ ఇస్తాడు. గణపతిరావు వీధిలోకొచ్చి ఈల వేస్తాడు. అప్పుడు జనం చెప్పులేసుకుంటారు, ఆయన టికెట్ల గది తాళం తీస్తాడు. బండి వచ్చేలోగా అందరూ పట్టాల పక్కన ఉంటారు. నాలుగేళ్లుగా ఊరంతా ఆ ఈల మీదే నడుస్తోంది. తమ తెలివికి తామే మురిసిపోయారు కూడా.

మంగళవారం సాయంత్రమే హాల్టు బోర్డుకి మామిడాకుల తోరణం కట్టారు. రేపు ఆరున్నరకే పోయి నిలబడదామా అని గణపతిరావు అడిగాడు. దానికి నవ్వింది మన అనూరాధే.

"ఆఫీసరైతే మాత్రం ఏటి బావా, ఎగిరొస్తాడేటి? అదే బండిలో గదా రావాల. బండి లేటైతే ఆయనా లేటే."

ఇంత చక్కని తర్కం విని ఊరు నిశ్చింతగా పడుకుంది.

బుధవారం ఆరూ నలభై ఎనిమిదికి అనూరాధ జడ వేసుకుంటోంది. అర్జీ బల్ల మీద ఉంది. దూరంగా కూత వినబడింది. గూడ్సనుకుంది. ఊరంతా గూడ్సనే అనుకుంది. ఈల పడలేదు గదా. తర్వాత బ్రేకుల చప్పుడు వినబడింది. గూడ్సులు ఈ హాల్టులో ఆగవు.

సగం జడతో, చేతిలో అర్జీతో ఆమె పరుగెత్తింది. వెనకాల పక్కింటి మహాలక్ష్మమ్మ, ఆమె వెనకాల ఆఫీసరు మెడలో వెయ్యాల్సిన పూలదండ పట్టుకుని ఊరిపెద్ద పైడిరాజు, అందరి వెనకాల తాళంచెవి వెతుక్కుంటూ గణపతిరావు. బండి రోజులా అర నిమిషం కాదు, రెండు నిమిషాలు ఆగింది. ఆగి, వీళ్లు కట్ట ఎక్కేసరికి కదిలిపోయింది. చివరి పెట్టె వెనక పసుపుపచ్చని గుణకారం గుర్తు. బళ్లో మాస్టారు తప్పు లెక్కకి కొట్టే గుర్తు లాగే ఉంది అది.

రాంబాబు ఎందుకు మిస్డ్ కాల్ ఇవ్వలేదంటారా? ఆఫీసరున్న బండని ఆ రోజు గూడ్సులే ఆగి దారిచ్చాయి; ఆ వేళకి బండి వస్తుందని అతనికీ తెలీదు. అతను అప్పటికింకా బడ్డీ తలుపే తియ్యలేదు.

వాళ్లందరూ కంకర మీద రొప్పుతూ నిలబడి ఉండగా ఈశ్వర్ నడుచుకుంటూ వచ్చాడు. బండి ఆగినప్పుడు అతను అక్కడే, పట్టాల పక్కన ఉన్నాడు. ఆఫీసరు దిగాడట. తాళం వేసిన గదినీ, ఖాళీ ప్లాట్‌ఫారాన్నీ ఫోటోలు తీశాడట. ఎక్కేవాళ్లు లేరు, దిగేవాళ్లు లేరు, ఇక్కడ బండి ఆపడం దండగ అని వెంట ఉన్నవాళ్లతో అంటూ కాగితం మీద రాసుకున్నాడట. తోరణం చూసి, ఊళ్లో ఏదో పండగ కాబోలన్నాడట.

"మరి ప్లాట్‌ఫారం ఎత్తుతారా, ఎత్తరా?" అని పైడిరాజు దండ దించకుండానే అడిగాడు.

ఈశ్వర్ అర్థంకానట్టు చూశాడు. అర్థమయ్యాక సుత్తి కింద పెట్టేశాడు.

"ఎత్తడం కాదు మావా. ఎత్తీడం. హాల్టే తీసీడానికి లెక్క సూస్తన్నారని సెప్పాను నాను. గూడ్సు చప్పుడులో మీకు ఎత్తడమనే వినబడిందా?"

పైడిరాజు చేతిలో దండ అప్పుడు దిగింది. ఊరి పేరులో వలస ఎటూ ఉంది. ఇక ఊళ్లోవాళ్ల రాతలోకీ అదే రాబోతోంది. ఇన్నేళ్లూ ఆలస్యంగానే వచ్చిన బండి, ఒక్క పూట వేళకొచ్చి హాల్టుకి ఫుల్‌స్టాపు పెట్టింది. ఆఫీసరు అబద్ధం రాయలేదు. అదే అన్నిటికన్నా చేదు.

పెద్దాళ్లంతా అనూరాధ వైపు చూశారు. ఆమె చేతిలో అర్జీ చెమటకి మెత్తబడింది. బండి వేళకు రావాలని నలభైముగ్గురు పెట్టిన సంతకాలవి. వేళకొచ్చిన బండికి ఒక్కరూ ఎదురు రాలేదు.

"ఎత్తడమని విన్నా, ఎత్తీడమని విన్నా మనం ఇంటికాడే కూకునుందుం," అంది ఆమె నెమ్మదిగా. "తప్పు ఈశ్వర్‌ది కాదు. గూడ్సుదీ కాదు. బండి లేటైన రోజల్లా ఆరూ యాభైకే ఇక్కడ నిలబడి, ఏదని అడిగుండాల్సింది. మనం అడగడం మానీసి ఈల కనిపెట్టుకున్నాం. ఆళ్ల తప్పుకి మనం సర్దుకుపోతే, అది ఆళ్ల తప్పుగా ఉండదు, మనం లేనట్టు రుజువైపోతాది."