కణాలు తక్కువైన కోడలు

ఫ్లోరా కంచం మీద అత్త ఎర్రటి గోళ్ళరంగు చుక్క పెట్టింది. ఆ కంచం ఇంట్లో ఇంకెవరూ ముట్టరు. ఆమె పిసికిన పిండి, ఆమె కలిపిన పులుసు మాత్రం ఇంటిల్లిపాదీ లొట్టలేసుకుంటూ తింటారు. "వండుడు బంద్ జేస్తవా ఏందే? మంట మీద పురుగు సస్తది," అంటుంది అత్త. పొద్దున నాంపల్లిలో ఇంటెడు చాకిరీ, పదింటికి గన్‌ఫౌండ్రీలో ఆఫీసు, సాయంత్రం మళ్ళీ పొయ్యి. రోగమొచ్చినా పొయ్యి దగ్గర సెలవు దొరకలేదు.

నడుముకు సర్పి పొక్కులు వచ్చి ఎంతకీ మానకపోతే దవాఖానలో రక్తం తీశారు. రోగాలతో పోట్లాడే కణాలు వెయ్యి దాకా ఉండాల్సిన చోట నూటపదే ఉన్నాయి. ఎయిడ్స్ పరీక్ష మూడుసార్లు చేశారు. మూడుసార్లూ లేదనే వచ్చింది.

"ప్రతి కణంల దాని చావు ముందే రాసుంటదమ్మా," అంది డాక్టరమ్మ. "పనైపోయినంక దానంతటదే పోతది. నీ ఒంట్లో పని గాకముందే పోతున్నయి. ఎందుకో మాకూ తెలుస్తలేదు. మీ ఆయన రక్తం గూడ చూపిస్తే మంచిది."

భర్త ఆనంద్ పాల్ రక్తం ఇవ్వడానికి చెయ్యి చాపలేదు. "నాకేం రోగం? తెలుస్తలేదంటే ఏంది? డాక్టరమ్మకు చెప్పనీకె శరమైతుంది, గంతే. కణాల కౌంటు పడితే గదే రోగం." ఆ వారమే ఎనిమిదేళ్ళ కూతురు స్టెఫీని కోఠిలో తన చెల్లెలింట్లో దింపి వచ్చాడు. "ఆదివారం గుళ్ళె అందరి ముంగట తప్పు ఒప్పుకో. పిల్ల ఇంటికొస్తది."

చెయ్యని తప్పు. పన్నెండేళ్ళుగా ఈ ఇంట్లో 'చావరాదే' అన్న మాట రోజూ వింటోంది. చెవులు విననట్టు ఊరుకున్నాయి గానీ, కణాలు విన్నాయేమో అనుకుంది ఫ్లోరా. అనుకున్నందుకు తన మీద తనకే కోపమొచ్చింది. వాళ్ళ మాటకు అంత బలమా?

ఆదివారం చర్చిలో ప్రభువు సంస్కారం. బల్ల ముందు వరుసగా మోకరిస్తే, ద్రాక్షారసం గిన్నె ఒక్కటే నోటి నుంచి నోటికి వస్తుంది. "నువ్వు అందరి ఎనక రామ్మా," అన్నాడు సంఘపెద్ద ఇజ్రాయేల్. ఆనంద్ పాల్, తల్లి మొదటి వరుసలో మోకరించారు. పాస్టరు అయ్యగారు గిన్నె ఎత్తబోతుంటే ఫ్లోరా లేచి నిలబడింది.

"అయ్యగారూ, మా ఆయన ఒప్పుకోమన్నడు. ఒప్పుకుంటున్న. ఆ రోగం నాకుంది. పన్నెండేండ్ల సంది ఒక్క మంచం మీదనే పండుకుంటున్నం. ఆయన రక్తం సూపెట్టుకోలే. నన్ను ఎనకకు పొమ్మన్నరు, మరి ఆయన ముంగట ఎట్ల?"

ఆనంద్ పాల్ పక్కనున్న ముసలాయన మోకాళ్ళ మీదే అవతలికి జరిగాడు. అతని పక్కవాడూ జరిగాడు. అత్త కొడుకుకు తగులుతున్న చెంగును మెల్లగా లాక్కుంది.

"అబద్ధం!" ఆనంద్ పాల్ అరిచాడు. "దీనికి గా రోగం లేదు! మూడుసార్లు లేదనే వచ్చింది! కాగితాలున్నయి ఇంట్ల!"

ఒప్పుకుంటే పిల్లనిస్తానన్నాడు. ఒప్పుకుంది. ఫ్లోరా గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుని కోఠి దారి పట్టింది.