దగ్గరకు జరిగిన వీధి

మార్లిస్ చీకటితోనే లేచి, వాచిన పాదాలను బూట్లలో కుక్కి, గసగసాలు నింపిన కొలాచీ రొట్టెలకు పిండి పిసుకుతుంది. హోటలు పెట్టినప్పటినుంచీ ఇదే వరస. ఇన్నేళ్ళలో ఆ రొట్టె వేడిగా ఉండగా తాను కూచుని తిన్న పాపాన పోలేదు.

అమెరికాలో, నెబ్రాస్కా మొక్కజొన్న చేల మధ్య ఉన్న హావెల్ ఊరికి ఉన్నది ఒక్కటే పెద్ద వీధి. అన్నీ ముత్తాతల నాటి ఇటుక కట్టడాలు, ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డవి. వాటిలో ఏది కూలినా, ఊరు నిద్రపోయి లేచేసరికి మిగతావి జరిగి ఆ సందు పూడ్చుకుంటాయి. అదేమీ వింతని ఎవరూ అనుకోరు. కరెంటతను వచ్చి మిగిలిన తీగ చుట్టుకుపోతాడు. రెండు చివర్లా పాతిన 'చారిత్రక వీధి' బోర్డుల్ని ఊరి ఆఫీసువాళ్ళు పీకి, కాస్త లోపలికి మళ్ళీ పాతుతారు. ఇంకొన్నాళ్ళకు రెండు బోర్డులకూ ఒకే గుంజ చాలుతుందని బార్బర్ ఎమిల్ ఎగతాళి చేస్తాడు.

ఎమిల్ భార్య పోయాక కొట్టు వెనక గదిలోనే ఒంటరిగా ఉంటున్నాడు. ఒకప్పుడు అతని కొట్టు వీధికి ఆ చివర ఉండేది. నాటకశాల కూలింది, గుర్రపు జీన్ల కొట్టు కూలింది, సినిమా హాలూ కూలింది. ఇప్పుడు అతనికీ మార్లిస్ హోటలుకూ మధ్య మూతపడ్డ మందుల షాపు ఒక్కటే మిగిలింది. అయినా మోకాలు సహకరించక, మంచులో జారిపడతానన్న భయంతో, అతను కాఫీకి రావడం మానేశాడు.

రోజూ కాఫీకొచ్చే ఊరివాళ్ళ, చుట్టుపక్కల రైతుల కప్పులు హోటలు గోడకు మేకుల మీద వేలాడుతుంటాయి. మనిషి పోయినా కప్పు దించరు. ఆ వారం మార్లిస్ ఒక్కొక్కటే దించేస్తూ వచ్చింది. శనివారంతో హోటలు మూసేసి, హైవే మీద పెట్రోలు బంకు వంటింట్లో చేరుతోంది. అక్కడ కూచోడానికి స్టూలుందట. పోయినవాళ్ళ కప్పులు వాళ్ళ ఇళ్ళకు పంపింది, ఉన్నవాళ్ళవి చేతికిచ్చింది. ఉండిపొమ్మనడానికి రైతులెవరికీ నోరు రాలేదు. ఆమె పాదాలు అందరూ చూస్తూనే ఉన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం మంచు బరువుకు మందుల షాపు కుప్పకూలింది. మార్లిస్ కిటికీలోంచి చూసి, నిట్టూర్చి, మళ్ళీ పనిలో పడింది. గోడకు ఎమిల్ కప్పు ఒక్కటే మిగిలింది.

శనివారం పొద్దున్నే కొలాచీలు పొయ్యిలోంచి తీస్తుంటే గోడ అవతల రేడియో వినిపించింది. నిన్నటిదాకా మందుల షాపులోకి తెరుచుకునే పక్క తలుపు తీసింది. అవతల తన పక్క తలుపు తీసుకుని ఎమిల్ నిలబడి ఉన్నాడు. గడపకు గడప ఆనుకుంది.

"నేను రాలేకపోతున్నానని కొట్టే నన్ను మోసుకొచ్చింది," అన్నాడు.

"ఆఖరి రోజున వచ్చావు. నీ కప్పు పట్టుకుపో."

ఎమిల్ ఆమె పాదాల వైపు చూశాడు. "ముందు వచ్చి నా కుర్చీలో కూచో. మధ్యాహ్నం దాకా క్షవరానికి ఎవడూ రాడు. కప్పులు నేను కడుగుతాను. రోజూ కడుగుతాను."

"నీకు చేతనవునా?"

"కప్పులకు చెవులుండవుగా, తెగుతాయని భయపడ్డానికి."

మార్లిస్ వాదించే ఓపిక లేక వెళ్ళి కూచుంది. పాదాలు నేల వదిలి కుర్చీ మెట్టు మీదకు చేరగానే ఆమెకు ఏడుపొచ్చింది. ఎమిల్ చూడనట్టే ఒక వేడి కొలాచీ తెచ్చి చేతిలో పెట్టి, చొక్కా చేతులు మడుచుకుంటూ హోటల్లోకి పోయాడు.

ఆఖరి కాఫీకని రైతులు కోటు జేబుల్లో కప్పులు పెట్టుకుని వచ్చారు. తొట్టి దగ్గర కప్పులు కడుగుతున్న ఎమిల్‌నీ, తెరిచిన తలుపులోంచి అవతల కూచున్న మార్లిస్‌నీ చూశారు. ఒకడు తన కప్పు తీసి పాత మేకుకు తగిలించాడు. తక్కినవాళ్ళూ తగిలించారు.

మార్లిస్ ఇంకో ముక్క కొరికి నిదానంగా నమిలింది.

"గసగసాలు ఎక్కువయ్యాయి," అంది. "సోమవారం తగ్గిస్తాను."