ఒళ్ళు చేయలేదు, నీరు పట్టింది

ఉడికిన గుడ్డు వాసన.
వంటింట్లోంచి వరండా దాకా.

అత్తయ్య మొహం తిప్పేసుకుంది. కీమో మొదలైన దగ్గర్నుంచీ అంతే — అన్నం ఇనుములా ఉందంటుంది, పాలు సబ్బునీళ్ళలా ఉన్నాయంటుంది.

"ఒక్క ముద్ద, అత్తయ్యా."

"నువ్వు తిను. చూస్తూ కూర్చుంటా. నా కడుపు నిండుతుంది."

కోడలు వండుతుంది. పారబోస్తుంది. మళ్ళీ వండుతుంది...

ఆసుపత్రికి వెళ్ళిన రోజు, అత్తయ్య బరువు మిషను ఎక్కింది.
పెరిగింది.
నిజంగానే పెరిగింది!

ఏం తిని పెరిగింది? అర్థం కాలేదు కోడలికి. అర్థం కాకపోయినా సంతోషం ఆగలేదు — అక్కడి నుంచే భర్తకు ఫోన్ చేసేసింది.

"అత్తయ్య ఒళ్ళు చేశారండీ!"

"గాలి భోంచేసి లావయ్యానని చెప్పు వాడికి," నవ్వింది అత్తయ్య.

బరువు రాసుకుంటున్న ఆసుపత్రి డైటీషియన్ నవ్వలేదు. వంగి, అత్తయ్య చీలమండ మీద బొటనవేలితో గట్టిగా నొక్కింది. వేలు తీసింది.

గుంట.
అలాగే ఉంది. పూడలేదు.

తర్వాత టేపు తీసి జబ్బ చుట్టూ కొలిచింది. కిందటిసారి కన్నా సన్నబడింది జబ్బ.

"ఇది కండ కాదమ్మా. నీరు పట్టింది. మిషను మీద పెరిగారు గానీ, మనిషి తగ్గిపోతున్నారు."

పెరగడమంటే... తగ్గడమా?

"ఇలాగైతే వచ్చే కీమో తట్టుకోలేరు. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి ఆహారం పంపిద్దామంటున్నారు డాక్టరుగారు. ఆలోచించుకుని చెప్పండి."

"ముక్కుతో తినాలా?" అత్తయ్య కోడలి వైపు తిరిగింది. "నువ్వేమంటావే?"

ఏమంటుంది?
గొట్టం వద్దంటే, పస్తు పెట్టినట్టు. వేయమంటే — తను కలిపిన ముద్ద ఇక ఎవరికి? అయినా ఆ ముద్ద ఎన్నడు దిగింది గనక...

భర్తకు మళ్ళీ ఫోన్ చేయాలి. ఏమని?

బయట బెంచీ మీద కూర్చున్నారు ఇద్దరూ. చెప్పుల్లో పట్టని పాదాలను నేల మీద ఆనించింది అత్తయ్య.

"ఆకలేస్తోందా, అత్తయ్యా?"

అత్తయ్య కడుపు మీద చెయ్యి వేసి చూసుకుంది.

"ఏమోనే... ఆకలెలా ఉంటుందో మర్చిపోయాను. ఎలా ఉంటుంది? నువ్వు చెప్పు."

పొద్దున్నుంచీ మెతుకు ముట్టలేదు కోడలు. పేగులు అరుస్తున్నాయి.

చెప్పబోయింది.


"చెప్తాను... ఉండండి," అంది.

అత్తయ్య ఆమె మొహంలోకే చూస్తోంది. ఇంకా.