ఏడో ముడి

చెల్లిని ఉదయం ఆరింటికి ఆసుపత్రికి తీసుకెళ్లారు. పదకొండయినా కబురు లేదు. అమ్మ వెంట వెళ్లింది, చెల్లి మొగుడు మా మరిది వెళ్లాడు, నన్ను మాత్రం ఇంటికి కాపలా పెట్టారు. పనిగదిలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ నాలుగుసార్లు టీ పెట్టుకుని, నాలుగుసార్లూ తాగడం మరిచిపోయాను.

మా ఇంటి వృత్తి తాళ్లకు ముడులు వేయడం. అమ్మ మంత్రం చదువుతుంది, నేను ముడి వేస్తాను, చెల్లి గుడ్డబొమ్మలు కుడుతుంది. పరీక్షలకు వెళ్లేవాళ్లకు మణికట్టు తాడు, లారీవాళ్లకు అద్దం దగ్గర వేలాడదీసుకునే గుత్తి, నిద్రపట్టనివాళ్లకు ఎండుటాకుల సంచి. వీటి మీద నీకు నమ్మకం ఉందా అని నన్ను అడగనివాళ్లు లేరు. చేతికి పని వచ్చు, చేస్తాను, నమ్మేవాళ్లు కొనుక్కుంటారు. ఇరవయ్యేళ్లుగా అందరి దగ్గరా ఇలాగే దబాయిస్తూ వచ్చాను.

అమ్మ ఫోను చేసింది.

"ఏమే, ముడులు విప్పావా?"

"ఏ ముడులు?"

"ఏ ముడులేంటే! ఇంట్లో ఉన్నవన్నీ. వచ్చి అయిదు గంటలయింది, దానికి కాన్పు కావట్లేదు. నర్సు మొహం చూస్తే నాకు కాళ్లూచేతులూ ఆడట్లేదు. మన చేత్తో వేసిన ముడి ఇంట్లో ఒక్కటి బిగిసున్నా బిడ్డ కదలదని నీకు తెలీదూ?"

"అక్కడ డాక్టరమ్మ ఉంది కదమ్మా..."

"ఆవిడ పని ఆవిడ చేస్తుంది. నీ పని నువ్వు ఏడువు!"

ఫోను పెట్టేసింది. నేను గోడకున్న మేకుల దగ్గర మొదలుపెట్టాను. నలభై రెండు మణికట్టు తాళ్లు. తర్వాత గుత్తులు, సంచుల మూతులు, బొమ్మల మెడలకు కట్టిన దారాలు. ఎన్నాళ్ల పనో కుప్పగా నేలమీద పడింది. అక్కడితో ఆగానా, కిటికీ తెర తాడు విప్పాను, చీపురుకట్ట విప్పాను, బూట్ల తాళ్లు విప్పాను. ఆఖరికి నా జడ కూడా విప్పేసుకుని అద్దంలో చూసుకుంటే నేనే జడుసుకున్నాను. నమ్మకం లేని మనిషి చేసే పనులేనా ఇవి?

అన్నీ విప్పాను, ఒక్కటి తప్ప. అది పైగదిలో, చెల్లి దిండులో ఉంది. అది అక్కడున్నట్టు నాకు తప్ప ఎవరికీ తెలియదు.

రెండేళ్ల కిందటి మాట. మరిది మోటార్లు బాగుచేస్తాడు. దూరపు ఊళ్లో పెద్ద వర్క్‌షాపు నుంచి పిలుపొచ్చింది. ఇద్దరూ పెట్టెలు సర్దుకున్నారు. చెల్లి వెళ్లిపోతే ఈ గదిలో, అమ్మ నోటి ముందు నేనొక్కదాన్నే మిగిలిపోతానని భయం పట్టుకుంది. ఉండిపొమ్మని అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. ఎర్రనూలు తీసి ఏడు ముడులు వేశాను. ముడికొకసారి చెల్లి పేరు తలుచుకుంటూ 'కదలకు, కదలకు' అనుకున్నాను. దాని దిండు విప్పి దూదిలో పెట్టి కుట్టేశాను. వారం తిరక్కుండానే పెట్టెలు మళ్లీ అటకెక్కాయి. ఎందుకు ఆగిపోయారో చెల్లి చెప్పలేదు, నేను అడగలేదు. మరిది నన్ను "వదినా, వదినా" అని పిలిచినప్పుడల్లా తేలు కుట్టిన దొంగలా ఉండేదాన్ని.

ఇప్పుడు ఆ 'కదలకు' బిడ్డకు తగిలిందా? ఫోను కిందే వదిలేసి మెట్లెక్కాను.

దిండు ఒళ్లో పెట్టుకుని కుట్టు విప్పబోయి ఆగిపోయాను. అది నా కుట్టు కాదు. నాది తొందర చెయ్యి, దూరం దూరంగా పడుతుంది. ఇది సన్నగా, చీమలబారులా, ఎడమకు వాలి ఉంది. చెల్లిది ఎడమచేతి వాటం. ఆ కుట్టు విప్పి, దూదిలోకి చెయ్యి పెట్టి తాడు బయటికి లాగాను. ఆరు ముడులు విప్పేసి ఉన్నాయి. అవి ఉన్నచోట నూలు ఇంకా మెలికలు తిరిగే ఉంది. ఏడోది మాత్రం వేసింది వేసినట్టే ఉంది.

చివరి ముడిని మేము గుడ్డిముడి అంటాం. దాన్ని కత్తిరించకూడదు. వేసిన చెయ్యే విప్పాలి. మా ఇంట్లో పుట్టినవాళ్లకు ఎవరికీ చెప్పక్కర్లేని సంగతి అది. చెల్లికి అంతా తెలుసు. తెలిసి, నా చేతికి దక్కాల్సింది నాకు వదిలి, దిండు మళ్లీ కుట్టుకుని, దానిమీదే తల పెట్టుకుని రెండేళ్లు పడుకుంది.

గోళ్లతో రాలేదు. సూది దూర్చాను, పళ్లతో లాగాను. సిగ్గుతో కళ్లలో నీళ్లు నిండి ముడి కనిపించలేదు. ఎంతసేపు పట్టిందో తెలియదు. చివరికి జారింది.

తాడు గుప్పిట్లో పట్టుకుని బస్సుకోసం పరుగెత్తాను. బూట్ల తాళ్లు కట్టుకోవడానికి ధైర్యం చాలలేదు. రెండుసార్లు వాటిని తొక్కుకుని పడబోయాను. ఆ జుట్టూ ఆ నడకా చూసి బస్సులో పక్కసీటావిడ లేచి వెళ్లిపోయింది.

ఆసుపత్రి వరండాలో అమ్మ ఎదురొచ్చింది.

"ఎక్కడ చచ్చావే? ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తవేం? ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. నీకు ఫోను చేసిన పావుగంటకే కాన్పయింది."

పావుగంటకు నేనింకా మేకుల దగ్గరే ఉన్నాను. నలభై రెండులో సగం కూడా విప్పలేదు. గోడకు ఆనుకుని నవ్వానో ఏడ్చానో నాకే తెలియలేదు. అమ్మ మాత్రం "చూశావా ముడుల మహిమ!" అని పక్కబెడ్డు వాళ్ల బంధువుకు చెప్పడం మొదలుపెట్టింది.

లోపల చెల్లి మొహం పాలిపోయి ఉంది. మరిది పాపను ఎత్తుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. చెల్లి నా గుప్పిట వైపు చూసింది.

"విప్పావా?" అంది మెల్లగా.

"విప్పాను."

"ఇప్పటికా?"

మంచం అంచున కూర్చున్నాను.

"దొరికిన రోజే నీ మొహాన కొడదామనుకున్నా అక్కా. మళ్లీ, ఏడు ముడులు వేసేంత భయపడ్డావా అనిపించింది. అలా తెలిశాక ఎలా వెళ్లను చెప్పు? ఆయనకు నేనే సర్దిచెప్పాను. ఎప్పటికైనా నువ్వే వచ్చి నోటితో అడుగుతావేమోనని చూశా."

"తప్పయిపోయిందే."

"సరేలే. ఆ వర్క్‌షాపు వాళ్లు మళ్లీ కబురు పెట్టారు. నీకు తెలుసుగా."

తెలుసు. పదిరోజుల కిందటే విన్నాను. ఆ సాయంత్రమే ఒక మూర ఎర్రనూలు తెంపి నా సొరుగులో పెట్టుకున్నాను. ఇందాక అన్నీ విప్పేటప్పుడు ఆ సొరుగు జోలికి పోలేదు, దానికింకా ముడి పడలేదు కదా అని.

"ఉండిపోవే," అన్నాను. "మీరు వెళ్లిపోతే నేనుండలేను. ఉండిపో."

చెల్లి నా చెయ్యి పట్టుకుంది. దాని కళ్లు తడిగా ఉన్నాయి, మొహం మాత్రం తేటపడింది.

"అడిగావుగా, అది చాలక్కా," అంది. "పాపకు మూడోనెల రాగానే వెళ్తాం."