ఆ రోజు గాలి లేదు

కొత్త భవనం కడుతున్న చోట అందరూ ఆమెను పిట్ట అనేవారు. ఆ పేరు పెట్టింది, కింద నిలబడి క్రేన్‌కు సైగలిచ్చే బాబాయ్. వరసకు ఎవరికీ ఏమీ కాడు గానీ, ఆ పెద్దమనిషి అక్కడ అందరికీ బాబాయే. ఆమె టవర్ క్రేన్ నడిపేది. పొద్దున్నే అన్నం డబ్బా వీపుకు తగిలించుకుని నిచ్చెన పట్టుకుందంటే మళ్ళీ తల దించేది కాదు. కింద ఇసుక జల్లించేవాళ్ళు ఇంకా చేతులు దులుపుకుంటుండగానే పైన అద్దాల క్యాబిన్‌లో కూర్చుని ఉండేది. ఆమె చేరిన కొత్తలో, ఆడపిల్ల ఎత్తే బరువు కింద తాను చచ్చినా నిలబడనని మొండికేసింది కూడా ఆ బాబాయే. తర్వాత్తర్వాత ఆమె సెలవు పెడితే, ఇంకొకరి బరువు కింద నిలబడాలంటే సణిగేవాడు.

ఎత్తంటే ఆమెకు ఎప్పుడూ భయం లేదు. భయమన్నది ఎక్కడ పుడుతుందో, ఒంట్లో ఏ దారిన పాకుతుందో ఆమెకు తెలిసింది కళ్ళద్దాల షాపతను వద్దన్నాకే.

అతను ఆమెకు పరిచయమైంది కంటి పరీక్ష దగ్గర. ఈ పనిలో చేరాలంటే కళ్ళు బాగున్నాయని ఎవరైనా రాసివ్వాలి. గోడమీది అట్టలో ఆఖరి వరస కూడా ఆమె గడగడా చదివేస్తే, మీకు నాతో పనేం లేదండీ అన్నాడు. ఆ మాటకు ఇద్దరూ నవ్వారు. అలా మొదలైన నవ్వు కొన్నేళ్ళు సాగింది. అతని షాపు వెనక వీధిలోనే, క్యాబిన్‌లోంచి చూస్తే ఎడమ చేతి వైపు. పొద్దున షట్టర్ ఎత్తాక బయటికొచ్చి తలెత్తి చెయ్యి ఊపేవాడు. అంత ఎత్తులో ఉన్న మనిషి అతనికి కనబడదని తెలిసినా ఆమె కూడా ఊపేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం, షాపు పైనున్న తన గదిలో, టీ గ్లాసులు కడుగుతూ అటు తిరిగే చెప్పాడు.

"నువ్వు మెట్లెక్కి వస్తుంటే ఒకప్పుడు చెవులు రిక్కించుకుని వినేవాణ్ణి. ఈ మధ్య నువ్వొచ్చి పక్కన నిలబడేదాకా తెలియట్లేదు. ఇంకెవరో ఉన్నారనుకోకు, ఎవరూ లేరు. ఊరికే నటిస్తూ నీతో ఉండలేను."

పోట్లాడడానికి ఏదైనా దొరుకుతుందేమోనని ఆమె వెతుక్కుంది. దొరకలేదు. సరే అని చెప్పులేసుకుని వచ్చేసింది.

ఇంటికొచ్చాక ఏడుపొస్తుందని కాచుక్కూర్చుంది. ఏడుపు రాలేదు, భయం వచ్చింది. వంటింట్లో గ్యాస్ కట్టేశారో లేదోనని లేచి వెళ్ళింది. వచ్చి కూర్చుని, మళ్ళీ వెళ్ళింది. తలుపు గడియ చూసింది. ఫ్యాను తిరుగుతుంటే దాని కొక్కెం వైపే చూస్తూ ఉండిపోయింది. ఇన్నాళ్ళూ గట్టిగా బిగించి ఉందనుకున్నది ఒక్క మాటతో ఊడి చేతిలోకి వచ్చినప్పుడు, మిగతావి మాత్రం ఊడిరావని నమ్మకమేమిటి? మర్నాడు క్రేన్ ఎక్కుతూ, ఎన్నడూ లేనిది, నిచ్చెన బోల్టులు వేలితో తడుముకుంటూ ఎక్కింది. అయినా ఎక్కింది. ఇంట్లో అన్నకు గానీ వదినకు గానీ చెప్పలేదు.

ఆ వారంలోనే జరిగింది. ఇనుప చువ్వల కట్ట ఒకటి పై అంతస్తుకు ఎత్తుతోంది. బాబాయ్ గొంతు వాకీటాకీలో ఎప్పటిలాగే నెమ్మదిగా దారి చెబుతోంది. ఒక్క క్షణం ఆమె చూపు ఎడమ వైపు జారింది. షాపు ముందు అతను ఎవరో ముసలాయనకు కళ్ళజోడు పెట్టి చూస్తున్నాడు. ముసలాయన ఏదో అన్నాడు కాబోలు, అతను తల వెనక్కి వాల్చి నవ్వాడు. మామూలు నవ్వే. ఆ నవ్వు చూడగానే ఆమెకు కళ్ళు బైర్లు కమ్మినట్టయింది. తన చేతిలో లివర్ ఉందన్న సంగతే మర్చిపోయింది.

"ఆపు. పిట్టా, ఆపు."

ఆపింది. చువ్వల కట్ట మాత్రం ఆగకుండా ఊగుతూ పోయి, స్లాబుకు చెక్క పలకలు బిగిస్తున్న వడ్రంగి తలమీదుగా వెళ్ళింది. అతని హెల్మెట్ ఎగిరిపడి నేలమీద దొర్లింది. వడ్రంగి ఉన్నచోటే కూలబడి, రెండు చేతులతో తల పట్టుకుని చూసుకున్నాడు. తల ఉంది. నెత్తురు లేదు. పైన ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి.

కాసేపు గోలైంది. సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చాడు. ఉన్నట్టుండి గాలి కొట్టిందని ఎవరో అన్నారు. మిగతావాళ్ళు తలూపారు. వడ్రంగికి టీ ఇచ్చారు. పని మళ్ళీ మొదలైంది. బాబాయ్ ఏమీ అనలేదు. ఆమె కూడా అనలేదు. దిగేదాకా ఒళ్ళంతా చెవులు చేసుకుని, ఎదురుగా కొక్కెం తప్ప ఇంకేమీ చూడకుండా పనిచేసింది.

ఆ సాయంత్రం నుంచి భయం రూపు మార్చుకుంది. ఏవో ఊడిపోతాయన్న భయం పోయి, తన చేతుల మీద భయం పట్టుకుంది. వదిన కూరగాయలు తరగమంటే కత్తి పట్టుకుని కాసేపు నిలబడి, తలనొప్పని పక్కన పెట్టేసింది. అన్న కూతురు ఇంకా తప్పటడుగులు వేస్తోంది. అత్త వాసన తగిలితే చాలు, చేతులు చాచుకుని వస్తుంది. ఆ సాయంత్రమూ వచ్చింది. ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని గోడకు ఆనుకుంది. పిల్ల మొహం చిన్నబోయింది. వదిన పొయ్యి దగ్గర్నుంచి ఇదంతా చూసింది.

వదిన నోటిదురుసు మనిషే గానీ ఎప్పుడు ఊరుకోవాలో తెలిసినది. పిల్లను చంకనెత్తుకుని వచ్చి పక్కన కూర్చుంది. అతను వద్దన్నాడా అని అడిగింది. ఆమె తలూపింది. మీ అన్నయ్యకు చెప్పకు, వెళ్ళి వాడి అద్దాలన్నీ పగలగొట్టొస్తాడు, తర్వాత కంటి పరీక్షకు పక్క ఊరు పోవాలి అంది వదిన. ఇంకో రోజైతే ఆ మాటకు నవ్వొచ్చేది. పిల్లను ఎందుకు ఎత్తుకోలేదో మాత్రం ఆమె చెప్పలేకపోయింది. ఆ రాత్రి ముద్ద దిగలేదు, కళ్ళు మూస్తే దొర్లుతున్న హెల్మెట్టే.

మర్నాడు పొద్దున నిచ్చెన సగం ఎక్కింది. అక్కడ కాలు పెట్టుకోవడానికి చిన్న ఇనుప జాలీ ఉంటుంది. దానిమీద నిలబడి పై మెట్టు అందుకోబోతే చెయ్యి లేవలేదు. ఇంకో చెయ్యి పట్టు వదల్లేదు. పైకీ వెళ్ళలేదు, కిందికీ రాలేదు. జాలీ సందుల్లోంచి కింద మనుషులు కనిపిస్తున్నారు. తాను పడిపోతానన్న ఊహ ఆమెకు రానేలేదు. పైకి వెళ్తే వాళ్ళలో ఎవరిని చంపుతానో అన్న ఒక్క ఆలోచనే తిరుగుతోంది.

వాకీటాకీలో బాబాయ్ పిలిచాడు. పలకడానికి చెయ్యి ఖాళీ లేదు. మళ్ళీ పిలిచాడు. తర్వాత నిచ్చెన సన్నగా అదరడం తెలిసింది. మోకాళ్ళ నొప్పులతో నేలమీద నడవడానికే మూలిగే మనిషి ఎక్కి వస్తున్నాడు. ఆయన ఆయాసం ఆయనకంటే ముందే వచ్చింది.

జాలీ మీదికి చేరి, తన బెల్టు కమ్మీకి తగిలించాడు. ఆమె బెల్టూ తగిలించి ఉందో లేదో లాగి చూశాడు. చాలాసేపు ఊపిరి సర్దుకుంటూ కూర్చున్నాడు.

"నిన్నటిది గాలి కాదు బాబాయ్" అంది ఆమె.

"తెలుసు. కింద ఉన్నది నేనేగా. గాలి చూడ్డానికి కట్టిన జెండా గుడ్డ కూడా కదల్లేదు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

తనకూ భయమేసిందని చెప్పాడు. చెబితే ఆమె పని పోతుందని ఒక భయం, చెప్పకపోతే ఇవాళ ఎవరి తల పోతుందోనని ఇంకో భయం. రాత్రంతా రెంటి మధ్యా నలిగి, ఆమె మొహం చూశాక తేల్చుకుందామనుకున్నాడట. తీరా పొద్దున ఆమె ఆయన మొహం వంక చూడకుండా ఎక్కేసింది.

"అటు చూశా బాబాయ్. షాపు వైపు. అతను నవ్వుతున్నాడు. నేను లేకుండా నవ్వుతున్నాడని..." ఆమె ఆగిపోయింది. ఆదివారం నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది. ముక్కు తుడుచుకోవడానికి కూడా చేతులు పట్టు వదల్లేదు. బాబాయ్ తన తువ్వాలుతో తుడిచాడు, చిన్నపిల్లకు తుడిచినట్టు మొరటుగా.

"పద, దిగుదాం. నేను కిందుంటా. నీ కాలు ఎక్కడ పెట్టాలో నేను చూపిస్తా."

అలాగే దిగారు. ఒక్కో మెట్టు దగ్గరా ఆయన ఆమె మడమ పట్టుకుని మెట్టుమీద ఆనించేవాడు. ఎప్పుడూ ఆమె బరువులను ఆయన మాటతో దించేవాడు. ఇప్పుడు ఆమెనే దించాడు. నేలమీద కాలు పెట్టాక ఆమె ఇసుకలో కూర్చుండిపోయింది.

సూపర్‌వైజర్‌కు ఆమే చెప్పింది. బాబాయ్ పక్కన నిలబడ్డాడు గానీ తానేమీ కల్పించుకోలేదు. సూపర్‌వైజర్ అరుస్తాడనుకుంటే అరవలేదు. మొహం పాలిపోయి, నెమ్మదిగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆమెను క్రేన్ దింపేశాడు. ఇంకో చోటి నుంచి ఆపరేటర్‌ను పిలిపించాడు. డాక్టరు సరేననేదాకా కింద బాబాయ్‌తో పాటు కొక్కేనికి బరువులు తగిలించే పని చెయ్యమన్నాడు. దాచిపెట్టినందుకు బాబాయ్‌కు విడిగా చీవాట్లు పడ్డాయి.

తర్వాత ఆమె వడ్రంగి దగ్గరికి వెళ్ళింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. అతను చేతిలో సుత్తి కింద పెట్టాడు.

"గాలనుకుని రాత్రి నిద్రపోయా. ఇవాళ పోను" అన్నాడు. మళ్ళీ సుత్తి అందుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది.

కింద పని పైపనికంటే భయంగా ఉంది. ఇన్నేళ్ళూ తాను మనుషుల నెత్తిమీద ఏం తిప్పుతోందో ఆమెకు తెలియదు. గొలుసు బిగించి పక్కకు జరిగాక, బరువు గాల్లోకి లేస్తే దాని నీడ ఒంటిమీదుగా వెళ్తుంది. ఆ నీడ తగిలినప్పుడల్లా ఆమె పని ఆపి తలెత్తేది. చూస్తే, అవతల వడ్రంగి కూడా పని ఆపి మెడ పైకెత్తి ఉండేవాడు. అలా ఇద్దరి చూపులూ కలిసేవి. కొన్నాళ్ళకు టీ వేళ అతనొచ్చి ఆమె కూర్చున్న పలకల మీదే, కాస్త దూరంగా కూర్చున్నాడు. నీ మీద కోపం పోయిందనుకోకు, మిగతావాళ్ళకి ఈ భయం చెబితే నవ్వుతారు, నువ్వైతే నవ్వవు, అందుకే వచ్చా అన్నాడు. ఆమె నవ్వలేదు. ఆ మాటకు ఆమెకు ప్రాణం కొంచెం కుదుటపడింది.

డాక్టరు దగ్గరికి వదిన తీసుకెళ్ళింది. ఆయన నిద్రకు ఏదో రాశాడు. భయం వచ్చినప్పుడు పారిపోకుండా ఊపిరి ఎలా తీసుకోవాలో నేర్పాడు, వారం వారం రమ్మన్నాడు. కొన్ని వారాలయ్యాక, ఇంక ఎక్కొచ్చు, కళ్ళు మాత్రం మళ్ళీ చూపించుకుని కాగితం తెచ్చుకో అన్నాడు. బయటికొచ్చాక వదిన పక్క ఊరి కళ్ళద్దాల షాపుకని బస్‌స్టాండ్ వైపు నడవబోయింది. ఆమె ఆగిపోయింది. అటు కాదు, ఇటే పోదామంది. చంకలోని పిల్లను వదిన ఒకసారి పైకి ఎగదోసుకుని, తనకేం, లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంటానంది.

షాపు గుమ్మం దగ్గర ఆమెకు మళ్ళీ నిచ్చెన మధ్యలో ఉన్నట్టే అయింది. ఊపిరి లెక్కపెట్టుకుని లోపలికి వెళ్ళింది. అతను తలెత్తి చూసి, చేతిలోని అద్దం బల్లమీద పెట్టబోయి జారవిడిచాడు. కొంచెం చిక్కాడు. గడ్డం గీసుకోలేదు. ఎలా ఉన్నావని అడిగాడు.

"భయంగా ఉన్నా" అంది ఆమె. "ఏడుపొస్తుందనుకున్నా గానీ, ఇలా భయమేస్తుందని తెలీదు."

అతను తల దించుకున్నాడు. ఈ మధ్య షాపులోకి వెనక గుమ్మం నుంచే వస్తున్నానని చెప్పాడు. ముందునుంచి వస్తే క్రేన్ కనబడుతుందట. పైన ఇంకెవరో ఉన్నారని తెలిసిన రోజు, ఆమెకు ఏమైందో కనుక్కోవాలని ఉండి కూడా అడిగే హక్కు లేదని ఊరుకున్నాడట.

"తిరిగి రమ్మని అడగడానికి రాలేదు. కళ్ళు చూడు, చాలు."

చూశాడు. దీపం ఒక కంటి మీది నుంచి ఇంకో కంటి మీదికి జరిపాడు. ఆమెకు అతని మీద ప్రేమ పోలేదు. అది పోదేమోనన్న భయం కూడా పోలేదు. కాకపోతే ఆ కుర్చీలో కూర్చుని, అతని ఊపిరి మొహానికి తగులుతుండగా, తాను లేచి బయటికి నడవగలనని ఆమెకు తెలిసింది. కాగితం తీసుకుని లేచింది. వదిన వెనకాలే లేస్తూ, పిల్లను ఒక్క నిమిషం పట్టుకోమని అలవాటుగా అందించింది. ఆమె అందుకుంది. వీధి చివరిదాకా వదిన తిరిగి తీసుకోలేదు, ఆమె ఇవ్వలేదు.

మళ్ళీ క్రేన్ ఎక్కిన పొద్దున కట్టడం దగ్గర మాటలు ఆగిపోయాయి. జాలీ దగ్గర ఆగింది. చాలాసేపు ఆగింది. కిందనుంచి ఎవరూ తొందరపెట్టలేదు. తర్వాత మిగతా సగం ఎక్కి, క్యాబిన్ తలుపు వేసుకుని, చెమట పట్టిన అరచేతులు ప్యాంటుకు తుడుచుకుంది. షాపు కనబడకుండా ఎడమ వైపు అద్దానికి సూపర్‌వైజర్ అట్ట అంటించి ఉంచాడు. దాన్ని ఆమె పీకెయ్యలేదు, కొన్నాళ్ళు ఉండనిద్దామనుకుంది.

మొదటి బరువు పలకల కట్ట, తేలికదే. కింద వడ్రంగి తన సామాను సర్దుకుని, ఆ బరువు తిరిగే మేరకు బాగా అవతలికి వెళ్ళి నిలబడ్డాడు. పైనుంచి ఆమెకు అది కనిపించింది. అదే మంచిదనుకుంది.

"బాబాయ్, నాకు భయంగానే ఉంది" అంది వాకీటాకీలో.

"ఉండనీ. నాకూ ఉంది" అన్నాడు బాబాయ్. "ఎత్తు. నెమ్మదిగా. ఇంకొంచెం... ఇప్పుడు కుడికి తిప్పు."