కుడిచేత్తో విసిరిన ఉండ

నేను సదాహిరోకు రెండో భార్యను. మొదటి భార్య నోబుయె పోయాకే ఆ ఇంట్లో అడుగుపెట్టాను కనుక నాకు సవతి పోరు లేదని మా అక్క అంటుంది. బతికున్న సవతైతే జుట్టూ జుట్టూ పట్టుకుని ఏదో ఒకటి తేల్చుకునేదాన్ని. ఈవిడ ఫోటోలో నవ్వుతూ కూర్చుంది. రోజూ వండిన తొలి అన్నం చిన్న గిన్నెలో ఆవిడ ముందు పెట్టి, గంట కొట్టి, దణ్ణం పెట్టుకున్నాకే మేం తింటాం. పెట్టేది నేనే. చచ్చి సాధించడం అంటే ఇదే.

అందుకే, సముద్రపు ఒడ్డు గుళ్ళన్నీ చుట్టి వద్దామని ఆయన అన్నప్పుడు సంతోషం పట్టలేకపోయాను. మా వైపు వెనకటికి కొత్త దంపతులు ఆ గుళ్ళకు గుర్రంతో వెళ్ళేవారు. పెళ్ళికూతురు గుర్రమెక్కితే పెళ్ళికొడుకు కళ్ళెం పట్టుకుని పక్కన నడిచేవాడు. మాకు గుర్రం లేదు, పాత తెల్ల వ్యాను ఉంది. పెళ్ళయ్యాక ఎక్కడికీ తీసుకెళ్ళని మనిషి ఇన్నాళ్ళకు నన్ను పెళ్ళికూతుర్ని చేస్తున్నాడనుకున్నాను. ఆయన మనసులో నాకంటూ కాస్త చోటు ఉందో లేదో ఈ ప్రయాణంలో తేలిపోతుందనుకున్నాను. లేత నీలం కోటు కూడా కొనుక్కున్నాను.

అయోషిమా దీవి చేరేసరికి నీళ్ళు వెనక్కి తగ్గి, మా వైపు రాక్షసుడి చాకిరేవు అని పిలిచే బండలు బయటపడి ఉన్నాయి. అంచులు తేలిన రాతి పలకలు వరసలు వరసలుగా సముద్రంలోకి వెళ్ళిపోయాయి. సందుల్లో నీళ్ళు, ఆ నీళ్ళలో చిన్న చిన్న పీతలు. నేను ఆయన చెయ్యి అందుకోబోయాను.

"జాగ్రత్త, నాచు ఉంది," అన్నాడు. "నోబుయె ఇక్కడే జారి చతికిలబడింది."

"ఇక్కడేనా, ఇంకాస్త అటా?"

"ఇదిగో, ఈ బండ మీదే." ఆయనకు వెటకారం ఎక్కదు.

"అయితే చెప్పులు విప్పి నడవనా?"

ఆయన నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. అంటే ఈ దారంతా వాళ్ళిద్దరూ తిరిగిన దారే. దీవి మీద గుళ్ళో చప్పట్లు కొట్టి దణ్ణం పెట్టుకున్నా, దారిలో ఉడాన్ నూడుల్స్ తినడానికి కూర్చున్నా, మా ఇద్దరి మధ్య ఇంకో మనిషి ఇరుక్కుని కూర్చున్నట్టే ఉంది. ఉల్లికాడలు నోబుయెకు పడేవి కావని ఆయన అననే అన్నాడు. నేను నా గిన్నెలో ఇంకో గుప్పెడు ఉల్లికాడలు వేయించుకుని తిన్నాను.

ఉదో గుడికి మెట్లు దిగి వెళ్ళాలి. సముద్రం వైపు తెరుచుకున్న గుహలో ఎర్రగా ఉంటుంది గుడి. దాని ముందు అరుగు మీద నిలబడితే కింద అలల్లో తాబేలులాంటి బండ కనిపిస్తుంది. దాని వీపు మీద ఒక గుంట, గుంట చుట్టూ తాడు. గుడిలో అమ్మే మట్టి ఉండలు ఆ గుంటలో పడేలా విసరాలి. పడితే కోరిక తీరుతుంది. మగవాళ్ళు ఎడమచేత్తో, ఆడవాళ్ళు కుడిచేత్తో విసరాలి. ఇది మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు.

సదాహిరో ఉండ తీసి కుడిచేత్తో విసిరాడు.

"ఎడమచేత్తోనండీ," అన్నాను. వినిపించుకోలేదు. మొదటిది తాబేలు మెడకు తగిలి పగిలింది. తరవాతవి నీళ్ళపాలయ్యాయి.

"బాబూ, మగాళ్ళది ఆ చెయ్యి కాదు," అన్నాడు పక్కనున్న ముసలాయన.

"తెలుసండీ," అని సదాహిరో ఆఖరిది కూడా కుడిచేత్తోనే విసిరాడు. అది తిన్నగా వెళ్ళి గుంటలో పడింది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

అది ఆడదాని చెయ్యి. ఏ ఆడదానిదో అడక్కుండా ఊరుకునేంత మంచిదాన్ని కాను నేను.

"ఎవరి తరఫున?"

ఆయన చేతికంటిన మట్టి దులుపుకున్నాడు. "ఆవేళ నోబుయెది ఒక్కటీ పడలేదు. ఇంటికి చేరేదాకా మూతి ముడుచుకునే ఉంది. మళ్ళీ వచ్చినప్పుడు నీ బదులు నేను వేస్తాలే అన్నాను. తరవాత ఆసుపత్రులతోనే సరిపోయింది. ఒక్కణ్ణే రావడానికి మనసొప్పలేదు." సముద్రం వైపు చూశాడు. "ఇవాళ్టికి ఆ మాట తీరింది. ఇంక తన ఊసెత్తి నిన్ను విసిగించను, మిసావో."

ఇన్నాళ్ళూ నేను కోరుకున్న మాట అదే. విని సంతోషించాలి. కానీ నా అసూయకు సిగ్గు లేదు, ఇంకా పెరిగింది. ఇంతవరకూ ఆవిడ ఫోటో మీద, అన్నం గిన్నె మీద ఏడ్చాను. ఇప్పుడు ఆవిడ గురి తప్పిన ఉండల మీద ఏడ్చాను. వాటిని ఈ మనిషి ఇన్నేళ్ళు మనసులో పెట్టుకుని మోశాడు. నాది ఏం మోస్తున్నాడు? మోయడానికి నేనే ఏమీ మిగల్చలేదు. నా పనులన్నీ నేనే చక్కబెట్టుకుంటాను, ఆయనవి కూడా.

"ఇంక నీ వంతు," అని ఆయన నా ఉండలు నా దోసిట్లో పోశాడు.

నేను నారింజలు ఏరే షెడ్డులో పని చేస్తాను. కుళ్ళిన కాయను తల తిప్పకుండా వెనక బుట్టలోకి విసురుతాను. గురి తప్పడమన్నది ఉండదు. అలాంటి నాకు ఆ గుంట ఒక లెక్కా? మొదటి ఉండను తాడుకు బారెడు ఇవతల వేశాను. రెండోది అవతల. మిగిలినవి ఒక్కొక్కటిగా సముద్రానికి ఇచ్చేసి, మూతి ముడుచుకుని నిలబడ్డాను.

"ఒక్కటీ పడలేదా? నీకా?" అన్నాడు.

"పడలేదు."

"ఏం కోరుకున్నావు?"

"పడనిదానికి చెప్పడం ఎందుకు."

ఆయన కాసేపు ఆ బండనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. అప్పుడు ఏదో తోచినట్టు ఉండలమ్మే చోటుకు బయల్దేరాడు. "ఉండు, ఇంకాసిని తెస్తాను. నీ బదులు నేను వేసేస్తా."

చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపాను.

"ఇవాళ వద్దండీ," అన్నాను. "ఆ బాకీ మీ దగ్గరే ఉండనివ్వండి."